‘ఎట్ల తెలుసు?’ అని అడగనిచ్చే చోటు: హనుమకొండలో ఒక సాయంకాలపు తరగతి

హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఒక ఇంటి మేడమీద, వారానికి ఒక సాయంత్రం చొప్పున 12 వారాల పాటు సాగే ఒక తరగతి గురించి ఈ సమీక్ష. మతగ్రంథాలను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, చైతన్యం శరీరంలో పుట్టినదా లేక శరీరానికి వేరుగా ఉన్నదా అన్నవి అక్కడి పాఠ్యాంశాలు. డిగ్రీ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు దీనిని సొంత బాధ్యత మీద నడుపుతున్నారు. ఆశ్రమాలతో గాని, నాస్తిక సంఘాలతో గాని దీనికి సంబంధం లేదు. రుసుము 3,000 రూపాయలు, చదువుకుంటున్నవారికి అందులో సగం. చేరదలచినవారికి ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. మొదటి పది వారాలూ ఈ ప్రాంతంలో డబ్బిచ్చి వినదగిన పాఠాలలో అరుదైనవి. చివరి రెండు వారాలలో మాత్రం, అంతవరకు నేర్పిన పద్ధతిని నేర్పినాయనే పక్కన పెట్టారు.

మొదటి రోజున ఆయన రెండు నియమాలు చెప్పారు. తనను గురువుగారు అని పిలవకూడదు, సారు అంటే చాలు. ఎవరు ఏ మాట చెప్పినా, చెప్పింది తానే అయినా, ‘ఎట్ల తెలుసు?’ అని ఎవరైనా అడగవచ్చు. అడిగినవారిని భక్తి లేదని గాని, బుద్ధి లేదని గాని అనకూడదు. ఈ రెండవ నియమం ఎంత అవసరమో అక్కడ కూర్చున్నవారిని చూస్తే అర్థమవుతుంది. ఒక శివాలయ అర్చకుడు, ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే మత్తు డాక్టరు మేడం, గ్రూప్-2 కోసం చదువుకుంటున్న ఇద్దరు యువకులు, కాజీపేట నుంచి వచ్చే ఒక రైల్వే ఉద్యోగి, భర్త చనిపోయినప్పుడు ఇంట్లో గరుడ పురాణం చదివించుకొని ఆ యాతనల వర్ణనలు విన్నప్పటి నుంచి నిద్ర పట్టక వచ్చిన ఒక పెద్దావిడ, ఇంకా కొందరు. వీరందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి దేవుడి గురించి మాట్లాడించి, ఎవరూ అలిగి లేచిపోకుండా చూడడం చిన్న పని కాదు. ఆ పని ఆయన చేయగలిగారు.

ఎలా చేయగలిగారంటే, ‘దేవుడున్నాడా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టలేదు. ఒక విషయం తెలిసిందని చెప్పడానికి ఏయే మార్గాలు ఒప్పుకుంటాం అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులు ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలకు అందేది, ఒక్కటే ప్రమాణమన్నారు, అంటే నమ్మదగిన జ్ఞానమార్గమన్నారు. బౌద్ధులు దానికి అనుమానాన్ని, అంటే పొగను చూసి నిప్పు ఉందని ఊహించడం వంటి తర్కాన్ని, చేర్చారు. సాంఖ్యులు శబ్దాన్ని, అంటే నమ్మదగిన మాటను, కలిపి మూడన్నారు. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఉపమానంతో, అంటే పోలికతో, నాలుగు చేశారు. వేదకర్మల అర్థాన్ని విచారించే మీమాంసకులలో ప్రభాకరుని అనుయాయులైన ప్రాభాకరులు అర్థాపత్తితో, అంటే మరోలా పొసగనప్పుడు చేసే ఊహతో, ఐదన్నారు. కుమారిల భట్టు అనుయాయులైన భాట్టులూ, ఆత్మ ఒక్కటే సత్యమనే అద్వైతులూ అనుపలబ్ధితో, అంటే కనిపించకపోవడం వల్ల లేదని తెలుసుకోవడంతో, ఆరన్నారు. ఈ లెక్కను సారు బోర్డు మీద రాసి 12 వారాలూ ఒక మూలన చెరపకుండా ఉంచారు. ఎవరు ఏ వాదం చేసినా, ‘ఇందులో మీరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నరు?’ అని ఆ మూలవైపు వేలు చూపించేవారు. దానితో వాదం మనిషి మీదికి పోకుండా, మనిషి నిలబడిన నేల మీదికి పోయేది. మన ఇళ్ళలో, టీవీ చర్చలలో, పెళ్ళి పందిళ్ళ కింద మతం మీద జరిగే మాటలన్నీ ఈ ఒక్క మెట్టు ఎక్కకపోవడం వల్లనే తగువులుగా మారతాయని నాకు అక్కడ అనిపించింది.

వేదప్రామాణ్యం మీద జరిగిన వారాలు ఈ తరగతికి ప్రాణం. వేదాన్ని ఎందుకు నమ్మాలన్న ప్రశ్నకు మన సంప్రదాయంలో ఒకే జవాబు ఉందని మనం అనుకుంటాం. నిజానికి అక్కడే అసలైన పోరు ఉంది. మాట ఎప్పుడు తప్పవుతుంది? చెప్పినవాడిలో అజ్ఞానమో, మోసమో ఉన్నప్పుడు. వేదాన్ని చెప్పినవాడే లేడు, అది అపౌరుషేయం, కనుక తప్పుకు తావే లేదని మీమాంసకుల వాదం. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. మాటకు విలువ చెప్పినవాడి నమ్మకత్వం వల్ల వస్తుంది గనుక వేదానికి కర్త ఉండాలి, ఆ కర్త ఈశ్వరుడని వారంటారు. అయితే ఈశ్వరుడున్నాడని ఎలా తెలుసు? వేదం చెప్పింది గనుక అంటే, వేదానికి ఆయన సాక్షి, ఆయనకు వేదం సాక్షి అయి, వాదం గానుగెద్దులా ఒక్కచోటే తిరుగుతుంది. అందుకే నైయాయికులు ఈశ్వరుణ్ణి అనుమాన ప్రమాణంతో సాధించడానికి అంత శ్రమపడ్డారు; వారిలో ఒకడైన ఉదయనుడి గ్రంథం ఒకటి మొత్తం ఆ పని కోసమే ఉంది. మీమాంసకులకు ఆ శ్రమ లేదు, ఎందుకంటే సృష్టికర్త అనే ఈశ్వరుడు వారికి అవసరం లేదు; కుమారిల భట్టు ఆ భావనను ఖండించాడు కూడా. ఇది విన్నప్పుడు అర్చకులవారు చాలాసేపు మౌనంగా ఉండి, ‘అయితే వేదాన్ని అందరికన్న గట్టిగ పట్టుకున్నవాళ్ళే లోకాన్ని దేవుడు చేయలేదన్నరా సార్?’ అని అడిగారు. అవునని సారు చెప్పారు. అర్చకులవారు నొచ్చుకున్నట్టు కనిపించలేదు. తరువాతి వారం నుంచి ముందు వరుసలోకి మారారు.

శంకరాచార్యుల గీతాభాష్యంలో పద్దెనిమిదవ అధ్యాయం చివరి భాగంలో ఉన్న ఒక మాటను సారు పూర్తిగా చదివించారు. నిప్పు చల్లనిదని, వెలుగు లేనిదని నూరు శ్రుతివాక్యాలు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అవి ప్రమాణం కాజాలవన్నది దాని తాత్పర్యం. ప్రత్యక్షానికి అందే విషయంలో గ్రంథం నోరెత్తకూడదన్న ఈ హద్దును గీసింది హేతువాదులేనని అనుకునేవారు తెలుసుకోవలసిన మాట ఇది. వేదంలో విమానాలు వెతికేవారు ఇంకా ఎక్కువగా తెలుసుకోవలసిన మాట. ఋగ్వేదం పదవ మండలంలోని నాసదీయ సూక్తాన్ని కూడా చదివించారు. ఏడు ఋక్కుల ఆ సూక్తం చివర, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పరమాకాశంలోని అధ్యక్షుడికి తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అని ఉంటుంది. గ్రంథమే తన మీద తాను వేసుకున్న ప్రశ్న అది. గ్రూప్-2 యువకులలో ఒకడు దానిని పదే పదే తన నోటుబుక్కులో రాసుకోవడం నేను చూశాను.

పెద్దావిడ ప్రశ్న మూడో వారంలోనో నాలుగో వారంలోనో వచ్చింది. గరుడ పురాణంలో చెప్పినవన్నీ జరుగుతాయా అని ఆమె అడిగారు. సారు సూటిగా జవాబు చెప్పకుండా మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల దగ్గరికి తీసుకుపోయారు. శ్రుతి, అంటే వేదం, వేరు; స్మృతి, అంటే ఋషులు చెప్పిన ధర్మగ్రంథం, వేరు. స్మృతికీ పురాణానికీ సొంత బలం లేదు, వేదాన్ని ఆనుకొని ఉన్నంతవరకే వాటి మాట చెల్లుతుంది. అంతేకాక, ఒక స్మృతివాక్యం వెనుక లోభం వంటి కారణం కనిపిస్తే దానిని ప్రమాణంగా తీసుకోనక్కరలేదని మొదటి అధ్యాయం మూడో పాదంలో ఒక సూత్రం ఉంది. దానికి భాష్యకారుడు శబరస్వామి ఇచ్చిన ఉదాహరణ, యజ్ఞంలో వాడిన వస్త్రాన్ని యజ్ఞం నడిపే పురోహితుడైన అధ్వర్యువు తీసుకోవాలని చెప్పే వాక్యం. వస్త్రం ఎవరికి చేరుతున్నదో చూస్తే, ఆ వాక్యం ఎవరి ఆశలో నుంచి పుట్టి ఉండవచ్చునో తెలుస్తుందని భావం. యజ్ఞాలను నిలబెట్టడానికే పుట్టిన శాస్త్రం యజ్ఞం చేయించేవాడి ఆశను ఇంత నిర్మొహమాటంగా చూపడం నాకు ఆశ్చర్యం కలిగించింది. గోదానం ఇస్తేనే వైతరణి దాటుతారన్న మాటకు ఈ కొలత పెట్టి చూసుకోవచ్చునని సారు అన్నారు. అర్చకులవారి ముందే అన్నారు. ‘అయితే మా ఆయన వైతరణి కాడ ఆగలేదన్నట్టేనా సారూ?’ అని ఆమె అడిగారు. ‘ఆగలేదని నాకు తెల్వదమ్మా. ఆగిండని చెప్పినాయనను కూడ, నీకెట్ల తెలుసని అడుగుండ్రి’ అన్నారు. ఓదార్పు కోసం అబద్ధం చెప్పని ఆ జవాబు కోసమైనా ఈ రుసుము చెల్లించవచ్చునని నా అభిప్రాయం.

ఇంతటి శ్రద్ధ అన్ని మతాల గ్రంథాల మీదా పెట్టలేదు. ఖురానుకూ బైబిలుకూ కలిపి ఒక్క సాయంత్రం కేటాయించారు. ఖురాను సృష్టింపబడినదా, అనాదిగా ఉన్నదా అన్న వివాదం మీద 833లో అబ్బాసీ ఖలీఫా అల్ మామూన్ పండితులను విచారణకు పిలిపించిన సంగతి, అపౌరుషేయ వాదానికి పక్కన పెట్టి చూడవలసిన గొప్ప విషయం. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగవ శతాబ్దపు రెండు ప్రధాన ప్రతులలో లేకపోవడం కూడా అలాంటిదే. ఈ రెండూ చెప్పి ముగించేశారు. రైల్వే ఉద్యోగి క్రైస్తవుడు. తన గ్రంథాన్ని గురించి అర్చకులవారికి దొరికినంత లోతైన పరీక్ష తనకు దొరకలేదని విరామంలో బాధపడ్డారు. ఆయన మాటలో న్యాయం ఉంది. పరీక్షించడం కూడా ఒక గౌరవమే అయితే, ఆ గౌరవం అందరికీ సమానంగా దక్కాలి.

గ్రంథాల నుంచి చైతన్యం వైపు మళ్ళిన వారంలో సారు ఎంచుకున్న కథ ఉత్తర తెలంగాణదే. పాళీ బౌద్ధ గ్రంథమైన సుత్తనిపాతంలోని పారాయన వర్గంలో, గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఆశ్రమం కట్టుకొని ఉన్న బావరి అనే బ్రాహ్మణుడు కనిపిస్తాడు. నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదనకుర్తి ఆ చోటని మన ప్రాంత చరిత్రకారులు కొందరు గుర్తించారు. యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేసిన బావరి దగ్గరికి మరొక బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడుగుతాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. ఆ భయంతో బావరి తన పదహారుమంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపుతాడు. తల అంటే అవిద్య, దానిని పగలగొట్టేది విద్య అని బుద్ధుడు జవాబిస్తాడు. తరువాత అజితుడనే శిష్యుడు, ప్రజ్ఞా, స్మృతీ (ఇక్కడ మెలకువ అని అర్థం), నామరూపాలూ (మనస్సూ శరీరమూ) ఎక్కడ ఆగిపోతాయని అడుగుతాడు. విజ్ఞానం, అంటే ఎరుక, నిరోధం కావడంతో అవీ అక్కడే ఆగిపోతాయని సమాధానం. శాపభయంతో బయలుదేరిన ప్రయాణం చైతన్యం గురించిన ప్రశ్నగా మారిన ఈ తీరును సారు ఎంతో బాగా చెప్పారు. ధూళికట్ట బౌద్ధ స్తూపం చూసి వచ్చిన మనం కూడా అక్కడ వినిపించి ఉండగల ప్రశ్నలను పట్టించుకోవడం లేదని ఆయన అన్న మాటకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు.

దీని పక్కన బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య ఋషికీ భార్య మైత్రేయికీ జరిగిన సంభాషణను పెట్టారు. మరణించిన తర్వాత సంజ్ఞ, అంటే ఎరుక, ఉండదని యాజ్ఞవల్క్యుడు అంటాడు. ఇక్కడే నన్ను గందరగోళంలో పడేశావని మైత్రేయి నిలదీస్తుంది. రెండవది ఉన్నచోటే ఒకరు మరొకరిని చూస్తారు, అంతా తానే అయినచోట ఎవరు ఎవరిని చూడాలి అని ఆయన వివరిస్తాడు. బుద్ధుడూ యాజ్ఞవల్క్యుడూ ఇద్దరూ మనం ఎరిగిన తెలివి ఆగిపోతుందనే చెప్పారు. ఒకరు దాని వెనుక ఆత్మ లేదన్నారు, మరొకరు అంతా ఆత్మే అన్నారు. ఈ తేడాను సారు ఎవరి వైపూ మొగ్గకుండా నిలిపి ఉంచారు. ఆ నిగ్రహం అప్పటికి ఇంకా ఉంది.

చార్వాకుల వాదం వచ్చిన రోజు తరగతి బాగా వేడెక్కింది. ధాన్యమూ బెల్లమూ వంటివి పులిస్తే మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు వంటి భూతాలు ఒక రీతిగా కలిస్తే చైతన్యం పుడుతుందని వారి వాదంగా పదునాలుగవ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలో మాధవాచార్యుడు ఉదహరించాడు. సారు దీనికి తాటికల్లును తీసుకున్నారు. తెల్లవారుజామున దించిన నీరాలో మత్తు ఉండదు, మధ్యాహ్నానికి ఉంటుంది, మధ్యలో పైనుంచి ఎవరూ ఏమీ పోయలేదు కదా అన్నారు. యువకులలో ఒకడిది గీత కార్మికుల ఇల్లు. ‘ఏమీ పోయకపోవుడేంది సార్, పాత లొట్టిల అడుగున ఉంటది గద. లొట్టికి సున్నం పూస్తే నీరా అట్లనే ఉంటది’ అన్నాడు. పులియబెట్టే ఈస్ట్ కల్లుకుండ అయిన లొట్టిలోనూ గాలిలోనూ ఉంటుంది, సున్నం దానిని అడ్డుకుంటుంది. కుర్రవాడి మాట అక్షరాలా నిజం. అయితే ఇది చార్వాకుడికి దెబ్బా, బలమా? కారణం కనిపించనంత మాత్రాన కారణం లేదనుకోకూడదని ఆత్మవాది అనవచ్చు; ఆ కారణం కూడా చివరికి ఒక సూక్ష్మజీవిగానే దొరికింది గాని మరొక లోకంలో దొరకలేదు కదా అని చార్వాకుడు అనవచ్చు. నాకు మాత్రం ఒక ముడి విడకుండానే మిగిలింది. మత్తు పుట్టిందని చూసి చెప్పేవాడు వేరే ఉన్నాడు. తెలివి పుట్టిందని చూసి చెప్పవలసింది మళ్ళీ తెలివే.

గాఢనిద్ర మీద జరిగిన వారం ఈ విడత అంతటిలో ఉత్తమమైనది, దానికి కారణం మత్తు డాక్టరు మేడం. మాండూక్యోపనిషత్తు పన్నెండు మంత్రాలలో జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర) అవస్థలను చెప్పి నాలుగవదైన తురీయాన్ని చూపుతుంది. దాని ఆధారంగా అద్వైతులు చేసే వాదం ప్రసిద్ధమైనది: ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అని లేచాక అంటాం, జ్ఞాపకం అనుభవానికే ఉంటుంది గనుక, ఏమీ తెలియకపోవడాన్ని ఎరిగిన సాక్షి నిద్రలోనూ ఉండి ఉండాలి. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒళ్ళు తేలికగా ఉండడం చూసి చేసుకున్న అనుమానం మాత్రమే అంటారు. ఇక్కడ మేడం లేచి, ఆపరేషన్ టేబుల్ మీద మత్తు దిగినవారు సుఖంగా నిద్రపోయామని చెప్పడం తాను వినలేదని, చాలామంది ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అని అడుగుతారని చెప్పారు. రాత్రి నిద్ర తర్వాత కాలం గడిచినట్టు అనిపిస్తుంది. మత్తు తర్వాత ఆ కాలమే తెగిపోయినట్టు ఉంటుంది. సాక్షి ఎల్లప్పుడూ ఉంటే, ఈ తెగిపోవడాన్ని చూసినవాడెవరు?

అద్వైతం ఓడిపోయిందని అందరూ అనుకుంటుండగా, ఆమె తన వాదానికి తానే అడ్డు చెప్పారు. మత్తుతో పాటు కండరాలను సడలించే మందు ఇచ్చేటప్పుడు, ఒక ముంజేతికి ముందుగా పట్టీ బిగించి ఆ మందు అక్కడికి చేరకుండా చేసే పద్ధతి ఒకటుందట. 1970లలో మొదలైన ఆ పరీక్షలలో, పూర్తి మత్తులో ఉన్నారనుకున్నవారిలో కొందరు, చేయి నొక్కమంటే నొక్కారు. తర్వాత అడిగితే వారికి ఏమీ గుర్తు లేదు. అంటే గుర్తు లేదు గనుక తెలివి లేదనడానికి వీలులేదు. గుర్తున్నట్టు ఉంది గనుక తెలివి ఉండిందనడానికీ అంత ధైర్యం చాలదు. జ్ఞాపకం మీద నిలబెట్టిన వాదం అటూ నిలవదు, ఇటూ నిలవదు. శతాబ్దాలుగా నేటిదాకా వచ్చిన ఒక వాదాన్ని, రోజూ మనుషులను నిద్రపుచ్చి లేపే పనిలో ఉన్న ఒకరు రెండు వైపులా పరీక్షించిన ఆ గంటసేపు నాకు ఇచ్చినది ఏ పుస్తకమూ ఇవ్వలేదు. సారు బోర్డు దగ్గర నుంచి తప్పుకొని కుర్చీలో కూర్చుండిపోయి విన్నారు, అది ఆయన గొప్పతనం.

మెదడు శాస్త్రం మీద సారు చెప్పిన పాఠం పొట్టిదే అయినా శుభ్రంగా ఉంది. మెదడు ఏయే పనులు ఎలా చేస్తుందో చెప్పడం ఒక పని, ఆ పనులతో పాటు అనుభవం ఎందుకు ఉండాలో చెప్పడం మరొక పని అని తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో విడదీసిన తీరు. మెదడులో చైతన్యానికి గుర్తు 25 ఏళ్ళలో దొరుకుతుందని 1998లో మెదడు శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్ ఆయనతో పందెం కాయడం. 2023లో న్యూయార్కులో అందరి ముందు ఓటమి ఒప్పుకొని ద్రాక్షసారాయి సీసాలు అప్పగించడం. ఓడిపోయానని చెప్పగలిగే శాస్త్రానికీ, ఓడే వీలే లేకుండా మాట్లాడే మతానికీ తేడా ఇందులోనే ఉందని సారు అన్నారు. ఆ మరుసటి వారమే ఒక అతిథి వచ్చి, క్వాంటం సిద్ధాంతం ఉపనిషత్తులలో ఉందని గంటన్నర చెప్పారు. దాని గురించి ఎక్కువ రాయవలసిన అవసరం లేదు. బోర్డు మూలన ఉన్న ప్రమాణాల లెక్కవైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు, సారు ఆయనను చూడమని అనలేదు కూడా.

చివరి రెండు వారాలూ ధ్యానానికి కేటాయించారు. దీపాలు తగ్గించి, అందరినీ కూర్చోబెట్టి, వచ్చే పోయే తలపులను చూడమన్నారు. అభ్యాసంగా అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కొందరికి హాయిగా అనిపించింది. తప్పు దాని తర్వాత జరిగింది. తలపులు మారుతుంటాయి, వాటిని చూసేది మారదు, ఆ మారనిదే మీ నిజస్వరూపం అని సారు ముగించారు. గీత కార్మికుల ఇంటి యువకుడు, నియమం ప్రకారమే, ‘ఎట్ల తెలుసు సార్?’ అన్నాడు. ‘కూర్చుంటే తెలుస్తది’ అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఏ బాబా దగ్గరికి పోయినా ఉచితంగా దొరుకుతుంది.

ఇది చిన్న లోపమని తోసిపుచ్చడానికి వీలులేదు, ఎందుకంటే ఈ జవాబును ఎదుర్కొనే సాధనాలన్నీ ఆయనే మాకు ఇచ్చారు. అద్వైతి కళ్ళు మూసుకొని చూసి మారని సాక్షి ఉన్నదన్నాడు. బౌద్ధుడు కూడా కళ్ళు మూసుకొనే చూసి, క్షణక్షణమూ పుట్టి గిట్టే విజ్ఞానం తప్ప మరేమీ లేదన్నాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కూర్చున్నవారే. కూర్చుంటే తెలిసేదే సత్యమైతే వీరిద్దరిలో సరిగ్గా కూర్చోనిది ఎవరు? అనుభవం అబద్ధం కాకపోవచ్చు, కాని అనుభవం దేనికి సాక్ష్యమో అది తనంతట తాను చెప్పదు. 2002లో స్విట్జర్లాండు వైద్యులు మూర్ఛవ్యాధి ఉన్న ఒక స్త్రీ మెదడులో కుడివైపు ఒకచోట విద్యుత్తు తాకించినప్పుడు, తాను పైనుంచి తన శరీరాన్ని చూస్తున్నట్టు ఆమెకు అనిపించింది. ఆ అనుభవం ఆమెకు పూర్తిగా నిజమే. ఆమె నిజంగా పైకప్పు దగ్గర ఉన్నదని దానివల్ల తేలలేదు. గ్రంథాన్ని వారాల తరబడి బోనులో నిలబెట్టి ప్రశ్నించిన సారు, ధ్యానానుభవాన్ని మాత్రం బోనెక్కించకుండానే తీర్పు పీఠం మీద కూర్చోబెట్టారు. గ్రంథానికి బదులు కొత్త గ్రంథం ఒకటి పుట్టింది, అంతే తేడా. దానికి ఆయన సొంత అనుభవమే అక్షరం.

మరొక వెలితి ఉంది, ఇది ఈ ఊళ్ళో కూర్చొని చెప్పుకునే తరగతి గనుక నాకు మరింత పెద్దదిగా కనిపించింది. విశ్వాసం గ్రంథం మీద నిలబడుతుందని ఈ పాఠాలన్నీ మొదటి నుంచీ అనుకొని సాగాయి. రెండేళ్ళకు ఒకసారి మాఘమాసంలో లక్షల మంది మేడారం పోయే దారి మన ఊళ్ళ మీదుగానే పోతుంది. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి, సారలమ్మను కన్నెపల్లి నుంచి కోయ పూజారులు గద్దెలకు తెస్తారు. విగ్రహం లేదు, గ్రంథం లేదు, ప్రామాణ్యం గురించి భాష్యం లేదు. నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇచ్చేవారిని ‘ఎట్ల తెలుసు?’ అని అడిగితే, చాలామంది ‘మొక్కినం, తీరింది’ అని చెబుతారు, లేదా ‘మా అమ్మ పోయేది, నేను పోతున్న’ అని చెబుతారు. ఈ జవాబులు ఆరు ప్రమాణాలలో ఏ గడిలోకి వస్తాయి? మొక్కు తీరనివారి మాట ఎవరు లెక్కపెట్టారు? శ్రుతి, స్మృతి అనే పదాలు ఎన్నడూ వినని విశ్వాసాన్ని పరీక్షించడానికి ఏ పద్ధతి కావాలి? పెద్దావిడే ఈ సంగతి ఒకసారి ఎత్తారు, తాను మూడు జాతరలకు పోయానని చెప్పారు. సారు నవ్వి, అది సిలబస్‌లో లేదన్నారు. సంస్కృతంలో ఉన్నదే ప్రశ్నకు తగినదన్న ఈ అలవాటు, ఆయన వంటి నిష్పాక్షికుడిలో కూడా ఉండడం విచారకరం.

వసతుల విషయం కొద్దిగా. మేడమెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ముందే చెబితే కింది గదిలో ఏర్పాటు చేస్తామంటున్నారు గాని ఈ విడతలో ఒక్కసారే చేశారు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, రెండు గంటలకు నడుము పట్టేస్తుంది. పాఠ్యభాగాలను జిరాక్స్ తీసి ఇస్తారు. సంస్కృత, పాళీ మూలాలు తెలుగు లిపిలో, కింద తాత్పర్యంతో ఉంటాయి. ఈ కాగితాలు దాచుకోదగినవి, అక్కడక్కడ అక్షరాలు మాసిపోయినా సరే. తరగతి ఆరింటికి మొదలై ఎనిమిదింటికి ముగియాలి, ఎప్పుడూ ముగియదు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవారు బస్సు కోసం చివరి అరగంట వదులుకోవలసి వస్తున్నది, ప్రశ్నలన్నీ ఆ అరగంటలోనే వస్తాయి. ఆడియో రికార్డింగ్ ఇవ్వరు. అడిగితే, ఎదుటివారి ఇంటి దుఃఖాలు అందులో ఉంటాయని అన్నారు. గరుడ పురాణం రోజును తలచుకుంటే ఆ కారణం సబబైనదే.

మనశ్శాంతి కోసం చేరేవారికి ఇక్కడ అది దొరుకుతుందని నేను చెప్పలేను. ఇంటిల్లిపాదినీ వాదంలో ఓడించడానికి సామగ్రి కావాలనుకునే యువకులకు కూడా ఇది నచ్చకపోవచ్చు, ఎందుకంటే మొదట ప్రశ్నకు గురయ్యేది వారే. సంస్కృతం రాకపోయినా ఇబ్బంది లేదు. ఒక వాక్యాన్ని పావుగంట సేపు పట్టుకొని కూర్చునే ఓపిక ఉండాలి. తదుపరి విడత దసరా తర్వాత మొదలవుతుందని చెప్పారు. ధ్యానం వారాలు వదిలేసి మొదటి పది వారాలకే చేరవచ్చునా అని అడిగితే, సారు కాసేపు ఆలోచించి, అలా చేరేవారి దగ్గర 2,500 రూపాయలు తీసుకుంటామని, ఆ సంగతి పేరు రాయించుకునేటప్పుడే చెప్పాలని అన్నారు.